వెన్నులో పెరిగే కడ్డీ: మ్యాజెక్ రాడ్లపై ఒక సమీక్ష

ఇది ఒక వస్తువు మీద, అంటే పిల్లల వెన్నులో అమర్చే మ్యాజెక్ కడ్డీ మీద సమీక్షే అయినా, ఆ వస్తువును దుకాణంలో చేతిలోకి తీసుకుని తిప్పి చూసే అవకాశం ఎవరికీ ఉండదు. దాన్ని ఎంచుకునేది సర్జన్, కొనేది ఆసుపత్రి, ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టేది తల్లిదండ్రులు, మోయవలసింది మాత్రం ఆరేడేళ్ళ పిల్ల. ఇంగ్లండులో స్థిరపడిన మా బంధువుల పాపకు వెన్నెముక ఆపరేషన్ తప్పదని చెప్పినప్పుడు, ఆ తల్లి తన చేతికి వచ్చిన కాగితాలన్నీ నాకు పంపి, "బాబాయ్, వీటిలో దేన్ని ఎంతవరకు నమ్మాలో చూసి చెప్పండి" అని అడిగింది. నేను వైద్యుణ్ణి కాను. ఫ్యాక్టరీలో తయారైన భాగాలు ఎందుకు అరుగుతాయో, ఎక్కడ విరుగుతాయో పరీక్షించే విభాగంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి. అందువల్ల ఈ కడ్డీని వైద్యుడి కళ్ళతో కాక యంత్రాల పనివాడి కళ్ళతో చూశాను. ఆ మేరకే ఈ సమీక్షకు విలువ కట్టండి.

ముందు జబ్బు సంగతి. వెన్నెముక పక్కకు వంగి, దానితోపాటు మెలి తిరిగితే దాన్ని స్కోలియోసిస్ అంటారు. ఎక్స్‌రే మీద వంపును కొలిచే కాబ్ కోణం 10 డిగ్రీలు దాటితేనే ఆ పేరు పెడతారు. మన ఇళ్ళలో దీన్ని మొదట గమనించేది చాలాసార్లు పిల్లకు నీళ్ళు పోసే అమ్మమ్మ, లేదా జాకెట్టు కొలతలు తీసేటప్పుడు ఒక భుజం ఎత్తుగా ఉందని చెప్పే దర్జీ. యుక్తవయసులో వచ్చే వంపు వేరు, పదేళ్ళలోపు కనిపించే వంపు వేరు. రెండోది ప్రమాదకరం, ఎందుకంటే ఆ వయసులో పెరగవలసింది వెన్నెముక ఒక్కటే కాదు, ఛాతీ గూడు, అందులోని ఊపిరితిత్తులు కూడా. పుట్టినప్పటి నుంచి అయిదేళ్ళ వరకు మొండెం భాగపు వెన్నెముక ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు, అయిదు నుంచి పదేళ్ళ వరకు ఏడాదికి సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఈ దశలో వెన్నుపూసలను అతికించి బిగించేస్తే వంపు ఆగినా పిల్ల ఎదుగుదల కూడా అక్కడే ఆగుతుంది. ఛాతీ భాగపు వెన్నెముక ఎత్తు 18 నుంచి 22 సెంటీమీటర్లకైనా చేరకపోతే పెద్దయ్యాక ఊపిరి సరిపోదని వైద్యులు చెప్పేది అందుకే.

కనుక వంపును పట్టి ఉంచుతూనే పెరుగుదలకు దారి ఇచ్చే కడ్డీ కావాలి. అమెరికాలోని హ్యూస్టన్‌లో పోలియో సోకిన పిల్లల కోసం పాల్ హారింగ్టన్ రూపొందించి, 1962లో ఫలితాలు ప్రచురించిన స్టీలు కడ్డీయే ఈ వంశానికి మూలపురుషుడు. దాని సంతతి అయిన పెరిగే రాడ్లను వెన్నెముక పైన, కింద మాత్రమే బిగించి, సుమారు ఆరు నెలలకొకసారి పిల్లకు మత్తు ఇచ్చి, వీపు కోసి, కడ్డీని కొంచెం పొడిగించి మళ్ళీ కుట్లు వేస్తారు. అయిదేళ్ళ వయసులో మొదలుపెడితే పది కోతలు దాటడం వింతేమీ కాదు. 2010లో వెలువడిన 140 మంది పిల్లల అధ్యయనంలో 81 మందికి ఏదో ఒక సమస్య వచ్చింది. చేసే ప్రతి అదనపు ఆపరేషన్‌తో సమస్యల ముప్పు 24 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. దీనికి తోడు, మూడేళ్ళలోపు పిల్లలకు పదేపదే ఇచ్చే మత్తు మెదడు ఎదుగుదలపై ప్రభావం చూపవచ్చని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2016 డిసెంబరులో హెచ్చరించింది. ఈ నేపథ్యాన్ని మరిచిపోయి మ్యాజెక్‌ను తూకం వేయడం అన్యాయం. దాన్ని ఆదర్శ వస్తువుతో పోల్చకూడదు, ఆరు నెలలకొక కోతతో పోల్చాలి.

మ్యాజెక్ అనేది కాలిఫోర్నియాలోని ఎలిప్స్ టెక్నాలజీస్ తయారుచేసిన అయస్కాంత కడ్డీ. 2016లో ఆ కంపెనీని నువేసివ్ కొన్నది, 2023లో నువేసివ్ గ్లోబస్ మెడికల్‌లో కలిసిపోయింది. పేర్లు మారినా వస్తువు లోపలి తర్కం ఒకటే, అది నిజంగా ముచ్చటైన తర్కం. టైటానియం మిశ్రలోహపు కడ్డీ మధ్యలో దాదాపు 9 మిల్లీమీటర్ల లావున ఒక గొట్టం ఉంటుంది. అందులో అరుదైన లోహాలతో చేసిన చిన్న అయస్కాంతం, దానికి పళ్ళచక్రాలు, వాటికి ఒక పొడుగాటి మర ఉంటాయి. బయట వీపు మీద ఒక పరికరాన్ని ఆనిస్తే, అందులో తిరిగే పెద్ద అయస్కాంతాలు లోపలి చిన్న అయస్కాంతాన్ని తిప్పుతాయి. మర తిరిగి కడ్డీ పొడుగవుతుంది. కారు టైరు మార్చేటప్పుడు వాడే జాకీని పెన్సిలంత చేసి ఒక పిల్ల వీపులో పెట్టి, కోత లేకుండా బయటి నుంచి తిప్పుతున్నారని ఊహించుకుంటే చాలు. నమూనాను బట్టి మొత్తం 28 లేదా 48 మిల్లీమీటర్ల వరకు పొడిగించవచ్చు. సాధారణంగా రెండు కడ్డీలు వేస్తారు. ఒకదాన్ని తిప్పేటప్పుడు రెండోది కదలకుండా ఉండేందుకు రెండింటిలోని అయస్కాంతాలను ఎత్తుపల్లాలుగా అమరుస్తారు. పిల్ల మెలకువగానే ఉంటుంది. కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది. ఎంత పొడుగైందో ఎక్స్‌రే బదులు అల్ట్రాసౌండ్‌తోనూ కొలవవచ్చు. మత్తు లేదు, కుట్లు లేవు, బడి మానుకోవడం లేదు. ఆరు నెలలకొక కోతకు భయపడి ముందురాత్రి నుంచే అన్నం మానేసే పిల్లను చూసిన తల్లికి ఈ ఒక్క మార్పు విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. ఈ విషయంలో వస్తువు తన మాట నిలబెట్టుకుంది, దానికి నా పూర్తి మార్కులు.

ఇక యంత్రాల పనివాడిగా నాకు మొదటి నుంచీ నచ్చని సంగతి. పాత కడ్డీ ఒక కడ్డీ మాత్రమే. విరగవచ్చు, మర ఊడవచ్చు, అంతకుమించి దానిలో చెడిపోవడానికి ఏమీ లేదు. మ్యాజెక్‌లో కదిలే భాగాలున్నాయి. కదిలే భాగమున్న చోట రాపిడి, రాపిడి ఉన్న చోట అరుగుదల, అరుగుదల ఉన్న చోట పొడి తప్పవు. గొట్టంలో ఒక భాగం మరొక భాగంలోకి జారుతూ ఉంటుంది, పిల్ల వంగినా పరుగెత్తినా ఆ జారే చోటే పక్కబలం పడుతుంది. పైగా టైటానియం శరీరానికి ఎంత హితవైన లోహమో, టైటానియం మీద టైటానియం రాసుకోవడం అంత చెడ్డది. ఈ సంగతి తుంటి కీళ్ళ ఇంప్లాంట్లు చేసేవాళ్ళకు దశాబ్దాలుగా తెలుసు. ఆ పొడి బయటికి రాకుండా లోపల ఒక రబ్బరు వలయం కాపలా ఉంటుంది. అంటే పిల్ల ఒంట్లోకి లోహపు పొడి చేరడమూ చేరకపోవడమూ ఆ సన్నని వలయం ఓర్పు మీద ఆధారపడిందన్నమాట. మన ఇంటి కుళాయిలో వాషరు సంగతి మనందరికీ తెలిసిందే.

ఈ సందేహం ఊహ కాదని తేలింది కడ్డీలను తీసి చూసినప్పుడే. బ్రిటన్‌లోని ఏడు వెన్నెముక చికిత్స కేంద్రాల నుంచి వచ్చిన తీసేసిన రాడ్లను న్యూకాజిల్ విశ్వవిద్యాలయపు ఇంజనీర్లు కోసి పరిశీలించారు. గొట్టాల లోపల నల్లని టైటానియం పొడి, పాడైన రబ్బరు వలయాలు, కొన్నింటిలో మరను పట్టి ఉంచే సన్నని పిన్ను విరిగిపోవడం కనిపించాయి. పిన్ను విరిగిందంటే బయట అయస్కాంతం ఎంత తిరిగినా లోపల కడ్డీ పెరగదు. పిల్లను మంచం మీద పడుకోబెట్టి పరికరం తిప్పి ఇంటికి పంపిస్తారు, వంపు మాత్రం తన దారిన తాను పోతుంది. కొందరు పిల్లల్లో కడ్డీ చుట్టూ కండ కూడా నల్లబడింది, కొన్ని అధ్యయనాలలో రక్తంలో టైటానియం మోతాదు మామూలుకంటే ఎక్కువగా తేలింది. ఆ మోతాదు యాభై ఏళ్ళ తర్వాత ఏం చేస్తుందో చెప్పగల వయసు ఈ కడ్డీలు మోసిన పిల్లల్లో ఎవరికీ ఇంకా రాలేదు. తుంటి మార్పిడి చేయించుకున్న డెబ్బయ్యేళ్ళ పెద్దాయన ఒంట్లోని లోహపు పొడినీ, ముందు అరవయ్యేళ్ళ జీవితం ఉన్న పిల్ల ఒంట్లోని పొడినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇంత కీలకమైన సంగతి వస్తువు మార్కెట్లోకి వచ్చాక గాని ఎందుకు తెలియలేదన్న ప్రశ్నకు జవాబు, ఈ వస్తువుకు అనుమతి వచ్చిన తీరులో ఉంది. ఐరోపాలో అమ్ముకోవడానికి కావలసిన సీఈ ముద్ర 2009లోనే దొరికింది. మొదటి ఫలితాలను హాంకాంగ్ వైద్యులు 2012లో ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్‌లో ప్రచురించారు. అందులో అప్పటికి కడ్డీలు అమర్చిన పిల్లలు అయిదుగురు, రెండేళ్ళ పర్యవేక్షణ పూర్తయినవారు ఇద్దరు. ఆ వైద్యులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వాళ్ళు ఎంతమందికి చేశారో అంతే స్పష్టంగా రాశారు. ఇద్దరు పిల్లల రెండేళ్ళ అనుభవం ప్రపంచానికి చేరేసరికే వస్తువు ఐరోపా మార్కెట్లో ఉందన్నదే నా ఫిర్యాదు. అమెరికాలో 2014 ఫిబ్రవరిలో వచ్చిన అనుమతి కూడా, ఇంతకు ముందు మార్కెట్లో ఉన్నవాటితో సారాంశంలో సమానమేనని చూపిస్తే చాలనే 510-కె మార్గంలో వచ్చినదే. లోపల అయస్కాంతం, పళ్ళచక్రాలు, మర, వలయం ఉన్న యంత్రం ఏ పాత కడ్డీతో సారాంశంలో సమానమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ తర్వాతి పరిణామాలు చకచకా జరిగాయి. 2020 ఫిబ్రవరిలో మ్యాజెక్ ఎక్స్ అనే కొత్త నమూనాలో గొట్టం చివరి మూత ఊడివస్తున్నదని తేలడంతో కంపెనీయే సరఫరా నిలిపివేసింది. అదే ఏడాది ఏప్రిల్ 1న బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ ఒక్క నమూనాతో ఆగకుండా అన్ని మ్యాజెక్ రాడ్ల సరఫరా నిలిపివేతను ప్రకటించి, కొత్తగా ఎవరికీ అమర్చవద్దని ఆసుపత్రులకు చెప్పింది. 2021 మార్చిలో సీఈ ముద్రను తాత్కాలికంగా నిలిపివేశారు, అదే ఏడాది తిరిగి ఇచ్చారు. 2021 జులైలో ఎఫ్‌డీఏ వైద్యులకు రాసిన లేఖలో మూత ఊడటం, వలయం చెడిపోవడం, శరీరంతో పొత్తు కుదిరే విషయంలో చేసిన పరీక్షలపై సందేహాలు అన్నీ ఏకరువు పెట్టి, అయినా నిర్దేశించిన పిల్లల్లో నిర్దేశించిన విధంగా వాడినప్పుడు తెలిసిన ముప్పు కంటే మేలే ఎక్కువని తేల్చింది. ఒకే వస్తువు మీద రెండు దేశాల సంస్థలు రెండు నిర్ణయాలకు వచ్చాయి. పాప తల్లి అడిగిన ప్రశ్నకు అందుకే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను.

ఎఫ్‌డీఏ లేఖను చదివేటప్పుడు తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకోవలసిన అంకె ఒకటుంది. ఈ కడ్డీ పదేళ్ళలోపు పిల్లలకు ఉద్దేశించినది, రెండేళ్ళకు మించి ఒంట్లో ఉంచకుండా తీసివేయవలసినది. ఇప్పుడు 2014 జూన్‌లో బ్రిటన్‌లో చికిత్సల విలువను అంచనా వేసే నైస్ సంస్థ ఈ వస్తువును సిఫారసు చేస్తూ వేసిన లెక్కకు రండి. కడ్డీ ధర ఎక్కువైనా పదేపదే చేసే ఆపరేషన్లు తప్పుతాయి గనుక ఆరేళ్ళలో ఒక్కో పిల్ల మీద సుమారు 12 వేల పౌండ్లు ఆదా అవుతుందని అంచనా. ఆరేళ్ళ ఆదా లెక్కకు రెండేళ్ళ గడువున్న వస్తువు ఎలా సరిపోతుంది? రెండేళ్ళకొకసారి కడ్డీ మార్చాలంటే అది పూర్తి ఆపరేషనే. ఆరు నెలలకొకసారి చేసే చిన్న కోత కంటే పెద్దది. అయినా పన్నెండు చిన్న కోతల కంటే మూడు పెద్దవి నయమని ఒక సర్జన్ వాదించవచ్చు, ఆ వాదనలో పస ఉంది. కానీ అది 2014లో తల్లిదండ్రులకు చెప్పిన కథ కాదు. వస్తువు చెడ్డదని నేను అనడం లేదు. దాని ఆయుష్షు అమ్మేటప్పుడు చెప్పినట్టు లేదని అంటున్నాను, వాడకందారుకు ఆ రెంటికీ తేడా చాలా ఉంది.

చిన్న చిన్న అసౌకర్యాలూ ఉన్నాయి. గొట్టం ఉన్న భాగాన్ని వంచడానికి వీల్లేదు గనుక వెన్ను సహజ ఒంపుకు తగినట్టు కడ్డీని మలచడం సర్జన్‌కు కష్టమవుతుంది. పెద్ద వంపు, బిగుసుకుపోయిన వెన్ను ఉన్న పిల్లల్లో పొడిగించేటప్పుడు లోపలి అయస్కాంతం బలం చాలక టక్కుమని జారిపోతుంది. ఆ చప్పుడు పిల్లకు కూడా వినబడుతుంది. ఎంఆర్ఐ తీయించాలంటే షరతులుంటాయి, తీసినా కడ్డీ చుట్టుపక్కల బొమ్మ చెదిరిపోతుంది. వెన్నుపాములో మరేదైనా సమస్య ఉన్న పిల్లలకు ఇది చిన్న అసౌకర్యం కాదు.

ఇక్కడ ఒక పక్కదారి పట్టక తప్పదు. నియంత్రణ సంస్థలు ఆలస్యంగా మేల్కొంటాయని విసుక్కునేవాళ్ళు, అసలు నియంత్రణే లేకపోతే ఏమవుతుందో డబ్లిన్‌లో చూడవచ్చు. అక్కడి టెంపుల్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో 2020 నుంచి 2022 వరకు ముగ్గురు పిల్లల వెన్నులో సీఈ ముద్ర లేని స్ప్రింగులు అమర్చారు. వంపును పట్టి ఉంచుతూ స్ప్రింగు బలంతో పెరుగుదలను నడిపించాలన్న ఆలోచన నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో పద్ధతి ప్రకారం పరీక్షిస్తున్నదే, అందులో తప్పు లేదు. డబ్లిన్‌లో వాడిన స్ప్రింగులు మాత్రం మనిషి ఒంట్లో పెట్టడానికి చేసినవే కావు. తడి తగిలితే తుప్పు పట్టే మామూలు స్ప్రింగు ఉక్కుతో చేసినవి. ఐర్లండ్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ హిక్వా 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ఆ వాడకం తప్పని, పిల్లలను ముప్పు నుంచి కాపాడలేకపోయారని నిర్ద్వంద్వంగా చెప్పింది. ఆసుపత్రి సంస్థ బోర్డు అధ్యక్షుడు రాజీనామా చేశారు. స్ప్రింగు తెప్పించిన దగ్గర నుంచి ఆపరేషన్ బల్ల మీదికి చేరేదాకా ఎంతమంది చేతులు మారి ఉంటుంది! ఒక్కరు పెట్టె మీద ముద్ర కోసం చూసినా ఆగిపోయేది. మా ఫ్యాక్టరీలో బాయిలరుకు వేసే బోల్టు కూడా పరీక్షా పత్రం లేకుండా గేటు దాటేది కాదు.

వేరే దారుల గురించి క్లుప్తంగా. చాలా చిన్న పిల్లల్లో వంపు మెత్తగా ఉంటే, లండన్‌లో పనిచేసిన మిన్ మెహతా ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో వరుసగా ప్లాస్టరు కట్లు వేసి కొందరికి వంపును పూర్తిగానూ, మరికొందరికి కడ్డీ అవసరాన్ని కొన్నేళ్ళపాటూ తప్పించవచ్చు; కడ్డీ మాట ఎత్తే ముందు ఈ కట్ల సంగతి అడగాలి. పక్కటెముకలను ఆధారం చేసుకునే వెప్టర్ అనే సాధనానికి 2004లో, కాస్త పెద్ద పిల్లల్లో వెన్నుకు ముందువైపు నుంచి బిగించే టెథర్ అనే తాడుకు 2019 ఆగస్టులో ఎఫ్‌డీఏ మానవతా మినహాయింపు కింద అనుమతి ఇచ్చింది. మినహాయింపు అంటే అరుదైన జబ్బు గనుక భద్రతనూ, మేలు జరిగే అవకాశాన్నీ చూపిస్తే చాలు, మేలును పూర్తిగా రుజువు చేయనక్కర్లేదని అర్థం. టెథర్‌కు ఆధారమైన అధ్యయనంలో ఉన్నది 57 మంది. ఆ తాడు తెగడం అరుదేమీ కాదు. అంటే మ్యాజెక్‌కు దూరంగా జరిగినంత మాత్రాన రుజువుల బలం పెరగదు.

మన దేశంలో వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చాయి, 2020 ఏప్రిల్ నుంచి పరికరాలన్నీ చట్టం పరిధిలోకి చేరాయి. ఒంట్లో పెట్టిన పరికరం వల్ల హాని జరిగితే నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి ఉంది. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. ఫిర్యాదు ఆసుపత్రి మాత్రమే చేయాలని లేదు, 1800-180-3024 నంబరుకు తల్లిదండ్రులే ఫోన్ చేయవచ్చు. హైదరాబాదులో, విశాఖలో పిల్లల వెన్నెముకకు ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో మాట్లాడాను. ఈ ఏర్పాటు ఉందని ఎవరికీ తెలియదు. కడ్డీ పెట్టె మీద ఉండే స్టిక్కరు డిశ్చార్జి కాగితాల్లో అతికించారో లేదో కూడా వాళ్ళు చూసుకోలేదు. నమూనా పేరు, లాటు నంబరు ఉన్నది ఆ స్టిక్కరు మీదే. రేపు ఎక్కడో ఒక దేశం హెచ్చరిక ఇస్తే, అది మీ పిల్ల ఒంట్లో ఉన్న కడ్డీ గురించో కాదో తేల్చగలిగేది అదొక్కటే.

పాప తల్లికి చివరికి నేను రాసి పంపిన ఉత్తరంలో కడ్డీ పెట్టించమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆ మాట చెప్పవలసింది ఎక్స్‌రేలు చూసిన సర్జనే. అడగవలసిన ప్రశ్నలు మాత్రం రాశాను. ఈ కడ్డీ ఏ నమూనా, ఎప్పుడు తీసేస్తారు, తీసేసే తేదీ ఇప్పుడే కాగితం మీద రాస్తారా, పొడిగించిన ప్రతిసారీ నిజంగా ఎంత పెరిగిందో కొలిచి చూపిస్తారా, మీ విభాగంలో ఇంతవరకు తీసిన రాడ్లలో ఎన్నింటి చుట్టూ కండ నల్లబడి ఉంది. చివరి ప్రశ్నకు సర్జన్ వెంటనే అంకెతో సమాధానం చెప్పారట, చెప్పడమే కాక తీసిన ప్రతి కడ్డీనీ పరీక్షకు పంపుతామన్నారట. ఆ మాట విన్న తర్వాత తనకు కొంత ధైర్యం వచ్చిందని రాసింది. నాకూ ఆ ఆసుపత్రి మీద నమ్మకం కుదిరింది అక్కడే.